పాటల పెట్టె 'సుయ్'మంటోందా?

మొన్న బతుకమ్మ పండక్కి రఘునాథపల్లి వెళితే, మా వదిన పాటల పెట్టె ముందు కూచుని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. పోయిన వాళ్లమ్మ పాడిన బతుకమ్మ పాటలు మెమరీ కార్డులో ఉన్నాయి. పెట్టెలో పెడితే గొంతుకంటే 'సుయ్'మనే మోతే ఎక్కువ! "కార్డు కరాబైంది, ఇగ ఏం లాభం" అని పారేయబోయింది. "ఆగు వదినా" అని, అదే కార్డు నా పాత ఫోనులో వేసి ఇయర్‌ఫోను పెట్టాను. ఆవిడ గొంతు తేటగా వినిపించింది.

ఎందుకంటారా? కార్డులో ఉండేవి అంకెలండీ. సీడీలో అయితే సెకనుకి, ఒక్కో చెవికి 44,100 అంకెలు! వాటిని కరెంటు తరంగాలుగా మార్చేది 'డీఏసీ' అనే గోరంత చిప్పు. ఆ తర్వాత శబ్దం పెంచేది ఆంప్లిఫయర్. ఇవి నాసిరకమైనా, బ్యాటరీ కరెంటు శుభ్రంగా అందకపోయినా మోత పాటలో కలుస్తుంది. బియ్యం మంచివే, ఎసరు నీళ్లే బాగాలేవన్నమాట. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌లో వుల్ఫ్‌సన్ కంపెనీ చిప్పు వేశారు. ఐపాడ్ల తయారీ 2022లో ఆగిపోయినా ఆ చిప్పుల్ని మెచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

కొనేముందు, పాట సన్నగా సాగేచోట చెవి పెట్టి వినండి. మోత వస్తే ఛార్జరు తీసి మళ్లీ వినండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లయితే లెక్క వేరు, చిప్పు వాటిలోనే ఉంటుంది. రికార్డు చేసినప్పుడే మోత పడితే మాత్రం ఎంత ఖరీదు చిప్పూ ఏం చేయలేదు.

అన్నట్టు, వదిన కార్డులోని పాటలు ఆ రాత్రే మరో రెండుచోట్ల కాపీ చేశాం. కార్డులూ చెప్పాపెట్టకుండా పోతాయి మరి!