పాత వ్యాను తలుపు రబ్బరు

తలుపు మూసినప్పుడు నలిగి, తలుపుకీ బండి బాడీకీ మధ్య సందును పూడ్చే రబ్బరు పట్టీని మెకానిక్కులు బీడింగ్ అంటారు. వానను, దుమ్మును, గాలి హోరును ఆపడం దాని పని. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి ప్రాంతంలో దానికి ఏటా రెండు గట్టి పరీక్షలు. ఎండాకాలమంతా రేకు పెనంలా కాగుతుంది, ఆ వెంటనే ముసురు పడుతుంది. 2023 జూలై చివర్లో పక్కనున్న చిట్యాలలో ఒక్క రోజులోనే 600 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. అలాంటి వానకు ఏ రబ్బరూ పూచీ ఉండదు. మామూలు జల్లుకే సీటు కింద నీళ్లు నిలిస్తే మాత్రం తలుపు సంగతి చూడాల్సిందే.

బండిలోనే పడుకునేవాళ్లకైతే ఈ తలుపు సంగతి మరీ ముఖ్యం. వ్యానునే ఇల్లుగా వాడుకోవడం జర్మనీలో 1950ల నుంచీ ఉంది. వోక్స్‌వ్యాగన్ టైప్ 2 తయారీ 1950లో మొదలైంది. ఆ తర్వాత వెస్ట్‌ఫాలియా సంస్థ అందులో పడక, అరలు అమర్చి క్యాంపర్‌గా మార్చింది. ఇక్కడ క్యాంపర్ అన్న పేరు వినపడదు గానీ ఆ వాడకం కొత్తదేమీ కాదు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు బయల్దేరిన వ్యానులో బియ్యం మూట, గిన్నెలు, దుప్పట్లు అన్నీ ఉంటాయి. రాత్రి పిల్లలు అందులోనే పడుకుంటారు. ఆ పనికి బాగా కుదిరిన బండి ఓమ్నీ. 1984లో మారుతి వ్యానుగా వచ్చి, 1988లో ఓమ్నీ పేరు పెట్టుకుంది; 2019లో దాని తయారీ ఆగిపోయింది. అంటే ఇప్పుడు తిరిగేవన్నీ ఎంతో కొంత పాతబడ్డవే.

రబ్బరు పాడవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. గాలిలోని ఓజోను సహజ రబ్బరును నెర్రెలిచ్చేలా చేస్తుంది. అందుకే ఇప్పటి బీడింగులు ఎక్కువగా ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో వస్తాయి. ఎండను, ఓజోనును అది తట్టుకుంటుంది. డీజిల్, గ్రీజు, నూనె తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. మెరుపు కోసం నూనె రాయడం దానికి మేలు చేయదు. ఏళ్ల తరబడి నలిగిన రబ్బరు ఒకనాటికి పైకి లేవడం మానేస్తుంది. గోటితో నొక్కినప్పుడు గుంట అలాగే ఉండిపోతే దాని పని అయిపోయినట్టే.

అయితే నీరు కారిన ప్రతిసారీ నేరం రబ్బరుదే కాదు. చాలామంది డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే. తలుపు అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి. దుమ్మూ పత్తి నూగూ చేరి అవి పూడితే తలుపు లోపల నీళ్లు నిలుస్తాయి. డోర్ ప్యాడ్ వెనకుండే ప్లాస్టిక్ షీటు చిరిగినా నీరు లోపలికే దారి చూసుకుంటుంది. ఓమ్నీ పక్క తలుపు రోలర్లు అరిగితే తలుపు కిందికి జారుతుంది; అప్పుడు ఎంత కొత్త బీడింగ్ వేసినా పై మూలన సందు మిగులుతుంది. అసలు సంగతి తేల్చడానికి పది రూపాయల నోటు చాలు. నోటును మధ్యలో పెట్టి తలుపు మూసి మెల్లగా గుంజాలి. పట్టి పట్టి వస్తే ఆ చోట రబ్బరు ఆనుతోంది, జారి వచ్చేస్తే ఆనడం లేదు. ఇలా తలుపు చుట్టూ జానెడు దూరానికోసారి చూస్తే లోపం ఎక్కడుందో దొరుకుతుంది.

మార్చాలనుకుంటే కొలత పాత రబ్బరుతో తీయకూడదు, అది కుంచించుకుపోయి ఉంటుంది. తలుపు చట్రం అంచు వెంట పురికొస తిప్పి కొలవాలి. మెటడోర్ లాంటి పాత వ్యానుకు కంపెనీ బీడింగ్ దొరకడం కష్టం. అందుకే పాతదాంట్లో నలగని చోట వేలెడు ముక్క కోసి దుకాణానికి పట్టుకెళ్లి, అదే అడ్డుకోత ఉన్నది మీటర్ల లెక్కన తెచ్చుకోవాలి. లావుగా ఉంటే మేలనుకోవడం పొరపాటు: తలుపు పడదు, విసిరి వేసీ వేసీ లాకు చెడుతుంది.

పాతది ఊడదీశాక కనిపించే రేకు అంచే ఈ పనిలో కీలకం. తుప్పును వైరు బ్రష్షుతో, ఎమెరీ కాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన రంగు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. తుప్పు మీదే కొత్త రబ్బరు తొడిగితే కింద చెమ్మ చేరి, ఒకటి రెండు వానాకాలాల్లో అంచే పొరలుగా రాలుతుంది. అప్పుడిక పని టింకరింగ్ షెడ్డుకు చేరుతుంది.

బిగించడం కింది అంచు మధ్య నుంచి మొదలుపెట్టాలి; అతుకు కిందే ఉంటే పైనుంచి జారే నీరు దాంట్లోకి చొరబడదు. లోపల ఇనుప పట్టీ ఉన్న రకానికి జిగురు అక్కర్లేదు, రబ్బరు సుత్తితో తట్టుకుంటూ పోతే చాలు. జిగురుతో అంటించే రకానికి రెండు వైపులా పలచగా పూసి, కాస్త ఆరాక నొక్కాలి. మూలల దగ్గర సాగదీయకూడదు. సాగిన రబ్బరు నెల తిరిగేసరికి వెనక్కి లాక్కొని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. చివర సెంటీమీటరు ఎక్కువ ఉంచి కోసి, రెండు కొసల్నీ ఒకదానికొకటి ఒత్తి అతకాలి.

కొత్తలో తలుపు గట్టిగా పడుతుంది. లాకు కొక్కేన్ని వెంటనే జరపనక్కర్లేదు. నాలుగైదు రోజులు మూసి ఉంచితే రబ్బరు తనంతట తానే సర్దుకుంటుంది. ఆ తర్వాతే బకెట్‌తో నీళ్లు పోసి చూడాలి, అదీ కింది నుంచి పైకి. పై నుంచి పోస్తే అన్ని చోట్లా ఒకేసారి తడిసి, కారేది ఎక్కడో తెలియదు.