‘కాదు’ అనే ట్రాన్సిస్టరు

విద్యుత్తు పోయి కొద్ది క్షణాలలోనే తిరిగి రావడం మనకు అనుభవమే. దీపం వెంటనే వెలిగితే నష్టం లేదు. రిఫ్రిజిరేటరు సంగతి వేరు. దాని కంప్రెసరు ఆగిన వెంటనే గొట్టాలలో ఒకవైపు వాయుపీడనం అధికంగా నిలిచి ఉంటుంది. అది సమం కాకముందే మోటారును నడపబోతే, మోటారు తిరగలేక మితిమీరిన విద్యుత్తును తీసుకొంటుంది. అప్పుడు తీగచుట్టలు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. కనుక విద్యుత్తు వచ్చాక సుమారు 3 నిమిషాలు ఆగడం శ్రేయస్కరం.

ఈ గడువును కొలవడానికి ‘555’ అనే టైమరు చిప్ ఉపకరిస్తుంది. దీనిని హాన్స్ కామెన్‌జిండ్ అనే ఇంజనీరు 1971లో రూపొందించారు. దీనికి 164 కిలోఓమ్‌ల నిరోధకాన్ని, 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటరును జతచేస్తే దాదాపు 180 సెకన్ల గడువు లభిస్తుంది.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. విద్యుత్తు రాగానే పని మొదలుపెట్టేటట్లు అమర్చిన ఈ టైమరు, గడువు సాగినంతసేపూ తన అవుట్‌పుట్ వద్ద ఎక్కువ వోల్టేజిని ఇస్తుంది. గడువు తీరగానే ఆ వోల్టేజి దాదాపు సున్నాకు దిగుతుంది. అంటే ఆపవలసిన వేళ ‘నడుపు’ అనీ, నడపవలసిన వేళ ‘ఆపు’ అనీ చెబుతుందన్నమాట! ఈ ఆజ్ఞను తలకిందులు చేసేదే ట్రాన్సిస్టరు.

ఎన్‌పిఎన్ రకం ట్రాన్సిస్టరు బేస్‌ను 10 కిలోఓమ్‌ల నిరోధకం ద్వారా టైమరు అవుట్‌పుట్‌కు కలపాలి. ఎమిటరును ఋణధ్రువానికి, కలెక్టరును మరొక నిరోధకం ద్వారా ధనధ్రువానికి కలపాలి. రిఫ్రిజిరేటరు స్విచ్చిగా పనిచేసే రిలేకు ఆజ్ఞ కలెక్టరు నుండి, రిలేను నడిపే మరొక ట్రాన్సిస్టరు ద్వారా వెళుతుంది.

దీని పనితీరును పంటకాలువతో పోల్చవచ్చు. కాలువ గట్టుకు గండి పడితే నీరంతా అటే పోతుంది, చేనుకు చేరదు. గండి పూడ్చితే చేను తడుస్తుంది. టైమరు వోల్టేజి ఎక్కువగా ఉన్నప్పుడు ట్రాన్సిస్టరు తెరచిన గండి వంటిది. విద్యుత్ప్రవాహం దాని గుండా ఋణధ్రువానికి పోవడం వలన కలెక్టరు వోల్టేజి దాదాపు సున్నా అవుతుంది, రిలే కదలదు. గడువు తీరగానే గండి మూసుకొంటుంది. కలెక్టరు వోల్టేజి పెరిగి రిలే పనిచేస్తుంది, రిఫ్రిజిరేటరు నడుస్తుంది.

బేస్ వద్ద నిరోధకాన్ని మాత్రం విస్మరించరాదు. అది లేకపోతే అధిక ప్రవాహం వలన ట్రాన్సిస్టరే మాడిపోతుంది.

వచ్చిన సంకేతాన్ని తారుమారు చేసే ఇటువంటి అమరికను ‘నాట్ గేట్’ అంటారు. కంప్యూటర్ల గణనకు ఆధారమైన మౌలిక సూత్రాలలో ఇదీ ఒకటి. తగిన సమయంలో ‘కాదు’ అనగలగడం కూడా ఒక రక్షణయే.