నోటిఫికేషన్ కోసం వెయిటింగ్‌లో ఉన్నారా..? ఈలోగా ప్రైవేట్ జాబ్ తలుపు మూసుకుపోకుండా ఇలా చూసుకోండి

తార్నాక మెట్రో స్టేషన్ దిగి ఓయూ వైపు నడిస్తే జిరాక్స్ సెంటర్లు, టిఫిన్ బండ్లు, హాస్టల్ బోర్డులు వరసగా కనిపిస్తాయి. క్యాంపస్‌లోకి వెళ్తే లైబ్రరీ దగ్గర, చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని కూర్చున్న యువతీయువకులు. వీళ్లలో చాలామంది టార్గెట్ ఒక్కటే.. సర్కారు కొలువు. గ్రూప్స్, ఎస్‌ఐ, డీఎస్సీ, ఏదైనా సరే. పీజీ అయిపోయి ఏళ్లు గడిచినా 'ఇంకొక్క నోటిఫికేషన్ చూద్దాం' అంటూ రూమ్ ఖాళీ చేయనివాళ్లూ ఉన్నారు.

ప్రిపరేషన్ మానేయండి అని చెప్పడానికి కాదు ఈ కథనం. ఆ ఎదురుచూపులో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. అదే అసలు సమస్య.

ముందు గ్రూప్-1 సంగతే చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2011 తర్వాత తెలంగాణ అభ్యర్థులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2022 ఏప్రిల్‌లో. పోస్టులు 503. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీక్ బయటపడటంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. నియామక పత్రాలు అందేసరికి 2025 సెప్టెంబర్ నెలాఖరు వచ్చింది. అదీ కోర్టు వివాదాల మధ్యే.

అంటే మొదటి నోటిఫికేషన్ నుంచి లెక్కేస్తే దాదాపు మూడున్నరేళ్లు! ఉద్యోగం వచ్చినవాళ్ల పరిస్థితే ఇది. 563 పోస్టులకు అప్లై చేసింది 4 లక్షల మందికి పైగా. మిగతావాళ్ల సంగతి ఏంటి?

గ్రూప్-2 కథ కూడా ఇంతే. 783 పోస్టులకు 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో పరీక్ష జరిగింది. అప్లై చేసినవాళ్లు ఐదున్నర లక్షలు. తీరా పరీక్ష రోజు హాల్‌కి వచ్చింది అందులో సగం కంటే తక్కువే. రెండేళ్లలో ఎంతమంది మనసు మార్చుకున్నారో, ఎంతమందికి ఓపిక అయిపోయిందో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

వయసు ఉంది కదా.. తొందరేముంది?

సరిగ్గా ఈ మాటే కొంప ముంచుతోంది. 2024లో గ్రూప్-1 గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46 ఏళ్లకు పెంచారు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు అదనం. దీంతో 'నాకింకా పదిహేనేళ్లు టైం ఉంది' అనే ధీమా వస్తుంది. యూనిఫాం పోస్టులకు లిమిట్ చాలా తక్కువ అన్న సంగతి కూడా కొందరు మర్చిపోతారు.

కానీ ప్రైవేట్ రంగంలో లెక్క వేరు. ఫ్రెషర్స్ కోసం కంపెనీలు ఇచ్చే ప్రకటనలు ఒకసారి గమనించండి. వయసు ఎంతని అడగరు, 'ఏ సంవత్సరం పాస్ అయ్యారు' అని అడుగుతారు. ఈ ఏడాది బ్యాచ్, మహా అయితే నిరుడు, అంతకుముందు బ్యాచ్. మూడో ఏడు దాటితే మీరు ఫ్రెషర్ కోటాలో ఉండరు. ఎక్స్‌పీరియెన్స్ లేదు కాబట్టి ఆ కోటాలోనూ పట్టరు. ప్రభుత్వ పరీక్ష తలుపు చాలా ఏళ్ల దాకా తెరిచి ఉంటుంది, ప్రైవేట్ ఫ్రెషర్ తలుపు మాత్రం పాతికేళ్లు దాటగానే మూసుకోవడం మొదలవుతుంది. ఈ తేడా పీజీ చివరి సంవత్సరంలోనే ఎవరైనా చెప్తే బాగుండేది అనిపిస్తుంది.

ఇది మన దగ్గరే కాదు. జపాన్‌లో కంపెనీలు అప్పుడే డిగ్రీ పూర్తిచేసినవాళ్లనే గంపగుత్తగా తీసుకుంటాయి. 1990ల్లో ఆర్థిక వ్యవస్థ దెబ్బతిని ఆ ఛాన్స్ మిస్సయిన తరం చాలాకాలం పర్మినెంట్ ఉద్యోగాలకు దూరమైంది. వాళ్లలో 3 లక్షల మందికి రెగ్యులర్ జాబ్స్ ఇప్పించాలని 2019లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక కార్యక్రమమే పెట్టాల్సి వచ్చింది. అప్పటికి వాళ్ల వయసు నలభైకి అటూఇటూ!

ఇక డబ్బు లెక్క. రూమ్, మెస్, పుస్తకాలు, టెస్ట్ సిరీస్ అన్నీ కలిపి నెలకు 10 వేలు అనుకుందాం. నాలుగేళ్లకు 4 లక్షల 80 వేలు. చాలా ఇళ్లలో ఇది అమ్మానాన్నలు పంటమీదో, అప్పుమీదో పంపే డబ్బు. ఆ నాలుగేళ్లలో రాని జీతం ఈ లెక్కలో లేనే లేదు.

మరి చదువు ఆపకుండా ఏం చేయొచ్చు?

తార్నాక చుట్టుపక్కలే చూడండి. ఐఐసీటీ, ఎన్ఐఎన్ ఇక్కడే ఉన్నాయి. హబ్సిగూడ వైపు వెళ్తే సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. ఈ పరిశోధన సంస్థలు ప్రాజెక్టుల కోసం తాత్కాలిక సిబ్బందిని తీసుకుంటూ వాటి వెబ్‌సైట్లలో ప్రకటనలు ఇస్తుంటాయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, జియోఫిజిక్స్ చేసినవాళ్లు ఈ ల్యాబ్‌ల గేటు ముందు నుంచే రోజూ కోచింగ్‌కి వెళ్తుంటారు, నోటిఫికేషన్ పేజీ మాత్రం ఒక్కసారీ తెరవరు. ప్రాజెక్ట్ పోస్ట్ పర్మినెంట్ కాదు, నిజమే. కానీ ఏడాది ల్యాబ్ అనుభవం ఉంటే ఫార్మా కంపెనీల క్యూసీ విభాగాలకు రెజ్యూమె పంపినప్పుడు తీరు మారుతుంది. నాచారం, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడలు కూడా ఇక్కడికి దూరమేం కాదు.

బీఏ, బీకాం వాళ్లకు అప్రెంటిస్‌షిప్ మంచి దారి. నాట్స్ అనే కేంద్ర పథకం కింద డిగ్రీ, డిప్లొమా పూర్తయినవాళ్లు కంపెనీల్లో, ప్రభుత్వ సంస్థల్లో ట్రైనింగ్ పొందొచ్చు. 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్లకు నెలకు కనీస స్టైపెండ్ 9 వేలుగా పెట్టారు. ఇప్పుడున్న మొత్తం ఎంతో పోర్టల్‌లో చెక్ చేసుకోండి. ఇందులోనూ పాసైన సంవత్సరం చూస్తారు కాబట్టి లేట్ చేస్తే ఇదీ పోతుంది.

కొత్తగా ఏమైనా నేర్చుకోవాలంటే స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. పైగా 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలకు ఓకే చెప్పింది. ఒకటి రెగ్యులర్‌గా, ఇంకోటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ లాంటి చోట దూరవిద్యలో చేసుకోవచ్చు. అయితే సర్టిఫికెట్లు కుప్పపోయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఎక్సెల్‌లో ఒక షీట్ చేసి చూపించగలిగితే పది సర్టిఫికెట్ల కంటే అదే మేలు.

గ్యాప్ గురించి అడిగితే ఏం చెప్పాలి?

ఇంటర్వ్యూలో చాలామంది ఇక్కడే తడబడతారు. 'ఇంట్లో ప్రాబ్లమ్స్ సార్' అని అబద్ధం చెప్తారు. అవసరం లేదు. 'రెండేళ్లు గ్రూప్స్ రాశాను, మెయిన్స్ దాకా వెళ్లాను, ఆ టైంలో ఫలానా కోచింగ్ సెంటర్‌లో ఎకానమీ పాఠాలు చెప్పాను' అంటే అది గ్యాప్ అనిపించుకోదు, పనే. ప్రిపరేషన్‌లో మీకు తెలియకుండానే కొన్ని అలవడతాయి. పెద్ద రిపోర్టును ఒక పేజీకి కుదించడం, డేటా చదవడం, గడువులోపు రాయడం. కంటెంట్ రైటింగ్, ఎడ్‌టెక్, స్వచ్ఛంద సంస్థల ఫీల్డ్ సర్వేలు, వార్తా సంస్థల డెస్క్.. వీటన్నింటికీ కావాల్సింది అదే. కాకపోతే చేసినట్టు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. పార్ట్‌టైమ్‌గా మూడు నెలలు పనిచేసినా ఒక లెటర్ తీసుకుని పెట్టుకోండి.

ఇంకోటి. 'ఎన్ని అటెంప్ట్స్ దాకా' అన్నది ఇప్పుడే తేల్చుకోండి. రిజల్ట్ వచ్చిన రోజు, వాయిదా పడిన రోజు ఆ నిర్ణయం తీసుకోలేరు. తేదీ కాగితం మీద రాసి, ఇంట్లో వాళ్లకూ చెప్పండి. ఊళ్లో నాన్నకి ఈ విషయం చెప్పడమే కష్టం అంటారా? నాలుగేళ్ల తర్వాత చెప్పడం ఇంకా కష్టం.

ఓయూ క్యాంపస్‌లోనే మోడల్ కెరీర్ సెంటర్ ఉంది. జాబ్ మేళాలు పెడుతుంటారు, కెరీర్ గైడెన్స్ ఇస్తారు. నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు పేరుతో ఎవరైనా డబ్బులడిగితే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఇప్పటికే మోసపోయి ఉంటే 1930 నంబర్‌కి కాల్ చేసి సైబర్ క్రైమ్ కంప్లయింట్ ఇవ్వొచ్చు. ఎంత త్వరగా చేస్తే పోయిన డబ్బు ఖాతాలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.