కాంగ్రా లోయ ఉప్పు, థైరాయిడ్ లెక్క

కంఠమణికి కాస్త దిగువన, శ్వాసనాళాన్ని ముందువైపు ఆనుకుని ఉండే థైరాయిడ్ గ్రంథి బరువు పెద్దవారిలో 20 గ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది గాని, గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక మొదలుకొని గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదల వరకు ఎన్నో పనులు అది స్రవించే హార్మోన్ల అదుపులోనే సాగుతాయి. అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులున్న థైరాక్సిన్‌ను టీ4 అనీ, మూడున్న మరో హార్మోన్‌ను టీ3 అనీ అంటారు. వీటి తయారీకి పెద్దవారికి రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. డెబ్బై ఏళ్ల జీవితానికి లెక్కగట్టినా అది నాలుగు గ్రాములు దాటదు.

గ్రంథి లోపల కంటికి కనిపించనంత చిన్న గుండ్రటి సంచులుంటాయి. వాటి గోడల్లోని కణాలు రక్తంలోని అయొడిన్‌ను ఒడిసిపట్టి, థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్‌కు జోడించి, రెండు మూడు నెలలకు సరిపడే హార్మోన్‌ను నిల్వ చేస్తాయి. అందులోంచి ఎంత విడుదల కావాలో నిర్ణయించేది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే అది టీఎస్‌హెచ్ అనే ప్రేరక హార్మోన్‌ను ఎక్కువగా పంపుతుంది, థైరాక్సిన్ పెరిగితే తగ్గిస్తుంది. కనుక పరీక్ష రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ మందగించిందని అర్థం. ఈ తలకిందుల లెక్క తెలియక, అంకె ఎక్కువగా ఉంది కాబట్టి గ్రంథి అతిగా పనిచేస్తోందని భ్రమపడేవారు తక్కువేమీ కాదు.

అయొడిన్ కొరత ఏళ్ల తరబడి కొనసాగితే, ఎడతెగని టీఎస్‌హెచ్ ఒత్తిడికి గ్రంథి కణాలు పెరిగి మెడ ముందు వాపుగా, అంటే గాయిటర్‌గా, బయటపడతాయి. హిమాలయ సానువుల్లో వానలు, మంచునదులు, వరదలు నేలలోని అయొడిన్‌ను తరతరాలుగా కడిగేయడం వల్ల అక్కడి పంటల్లోనూ నీటిలోనూ అది అరుదు. అప్పటి పంజాబ్‌లో భాగమైన కాంగ్రా లోయలో 1956లో మొదలైన ప్రయోగం ఈ కారణాన్ని నిర్ధారించడమే కాక, నివారణ మార్గాన్నీ చూపింది. దానికి సారథి శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. లోయను మూడు మండలాలుగా విడదీసి, ఒకదానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, మరొకదానికి పొటాషియం అయొడేట్ కలిపినది, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. మొదట్లో పదిమంది బడిపిల్లల్లో దాదాపు నలుగురికి గాయిటర్ ఉండగా, 1962 నాటికి అయొడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా అది సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు చోట తగ్గలేదు. తర్వాత ఆ మూడో మండలానికీ అయొడిన్ ఉప్పే ఇచ్చారు.

1962లోనే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. తేమ తగిలిన ఉప్పులో అయొడైడ్ తేలిగ్గా విచ్ఛిన్నమై అయొడిన్ ఆవిరైపోతుంది, అయొడేట్ నిలకడగా ఉంటుంది; మన దేశపు ఉప్పుకు రెండోదే అనువైనది. వాడకందారు చేతికి వచ్చేసరికి ఉప్పులో పది లక్షల భాగాలకు కనీసం 15 భాగాల అయొడిన్ ఉండాలన్నది ప్రమాణం. శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న నౌపడా ఉప్పు మళ్లలో పండే ఉప్పుకైనా ఇది తప్పదు. ఎందుకంటే సముద్రపు నీరు ఎండి ఉప్పుగా మారేసరికి అందులో మిగిలే సహజ అయొడిన్ లెక్కలోకి రానంత తక్కువ. ఈ కొరతలో అసలు నష్టం మెడవాపు కాదు. గర్భంలో తొలి మూడు నెలలు శిశువు తల్లి థైరాక్సిన్ మీదే ఆధారపడుతుంది గనుక, తీవ్రమైన లేమి వల్ల చెవుడు, మందబుద్ధి, పొట్టితనం జీవితాంతం మిగిలిపోతాయి. హిమాలయాల పేరు తగిలించుకుని అధిక ధరకు అమ్ముడయ్యే గులాబీ ఉప్పును, దానికి అయొడిన్ చేర్చారో లేదో చూడకుండా, ఆరోగ్యం కోసమని గర్భిణులకు సిఫారసు చేయడం విడ్డూరం.

ఇంత చెప్పినా, అయొడిన్ ఉప్పు అందుతున్న ఊళ్లలో నేడు కనిపించే థైరాయిడ్ మందగింపునకు ప్రధాన కారణం అయొడిన్ లేమి కాదు. 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో వర్ణించిన వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థే గ్రంథి కణాలను పరాయివిగా భావించి మెల్లమెల్లగా నాశనం చేస్తుంది. మగవారిలో కన్నా ఆడవారిలో ఇది కొన్ని రెట్లు ఎక్కువ. అలాంటి గ్రంథికి అదనపు అయొడిన్ మేలు చేయకపోగా కొందరిలో కీడు చేస్తుంది. చికిత్స, లోపించిన థైరాక్సిన్‌ను మాత్ర రూపంలో బయటినుంచి ఇవ్వడమే. ఆ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుంటేనే ఒంటికి సరిగా పడుతుంది. వెంటనే తాగే కాఫీ దాని శోషణను తగ్గిస్తుంది, ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం కావాలి. రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికి వారం పడుతుంది కాబట్టి, మోతాదు మార్చిన పదిరోజులకే పరీక్ష చేయించి నిరాశపడడం అనవసరం. టీఎస్‌హెచ్ కొత్త స్థాయికి కుదురుకోవడానికి ఆరువారాల వ్యవధి కావాలి.