మూత్రపిండ నాడులు – నైట్రిక్ ఆక్సైడ్ పాత్ర

వ్యవసాయ విద్యార్థులకు నైట్రిక్ ఆక్సైడ్ కొత్త పదార్థం కాదు. నత్రజని ఎరువులు వేసిన నేలల నుండి వెలువడే వాయువుగా, బెట్ట సమయంలో ఆబ్సిసిక్ ఆమ్లంతో పాటు పత్రరంధ్రాలను మూయించే సంకేతంగా దీనిని వారెరుగుదురు. రక్తనాళాలలోనూ ఇది సంకేత పదార్థమని కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించినది. రైతు శరీరంలో, ముఖ్యంగా మూత్రపిండాన్ని నియంత్రించే నాడీమార్గంలో, దీని పాత్రను విస్తరణ శాస్త్రవేత్తలు కూడా తెలుసుకొనుట అవసరం.

మూత్రపిండానికి చేరే సహానుభూత నాడులకు ఆజ్ఞలు మెదడులోని మజ్జాముఖం నుండి, హైపోథాలమస్‌లోని పారావెంట్రిక్యులర్ కేంద్రకం నుండి వెన్నుపాము ద్వారా అందుతాయి. ఈ నాడులు ఉత్తేజితమైనపుడు రెనిన్ విడుదల పెరుగుతుంది. సోడియం, దానితో పాటు నీరు, తిరిగి రక్తంలోకి చేరుతాయి. ఉత్తేజం తీవ్రమైతే మూత్రపిండానికి రక్తప్రసరణ తగ్గుతుంది. చెమటతో నీరు కోల్పోయిన శరీరానికి కొంతసేపు ఇది రక్షణయే.

ఈ ఉత్తేజం హద్దు మీరకుండా కళ్ళెం వేసేవి నైట్రిక్ ఆక్సైడ్ నాడీకణాలు. పారావెంట్రిక్యులర్ కేంద్రకంలోని ఈ కణాలు ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుండి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేస్తాయి. ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో ఈ తయారీని అడ్డగించినపుడు మూత్రపిండ నాడుల చురుకుదనం పెరిగినది. నైట్రిక్ ఆక్సైడ్‌ను అందించినపుడు తగ్గినది. గాబా అనే నిరోధక సంకేతం ఇందుకు తోడ్పడుతుంది. గుండె వైఫల్యం కలిగించిన ఎలుకలలో ఈ కళ్ళెం సడలినట్లు గమనించారు.

అయితే కళ్ళెం ఉన్నంత మాత్రాన నీటి లోటు తీరదు. మంచాల వంటి మెట్ట మండలాలలో ఎండలో పనిచేసే కూలీలు తగినంత నీరు త్రాగరు. పొలాల వద్ద మరుగుదొడ్లు లేనందున మహిళలు దాహాన్ని అణచుకొంటారు. సాయంత్రం ఒంటినొప్పులకు వేసుకొనే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, మూత్రపిండ రక్తనాళాలను తెరచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. నీటి లోటుతో ఇప్పటికే రక్తప్రసరణ తగ్గిన మూత్రపిండానికి ఇది రెండవ దెబ్బ.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మూత్రపిండ వ్యాధికి ఎండ, నీటి లోటు మాత్రమే కారణమని నిర్ధారణ కాలేదు. అయినను, మధ్య అమెరికా చెరకు కూలీలకై చేపట్టిన నీరు, నీడ, విశ్రాంతి అనే పద్ధతి మన ప్రాంతానికీ అనుసరణీయం. పైరు వాడకముందే తడి ఇవ్వాలని రైతుకు చెప్పే మనం, కలుపుతీత, పత్తితీత సూచనలతో పాటు ఈ మూడింటినీ చేర్చాలి. వైద్యుని సలహా లేకుండా నొప్పి మాత్రలు వాడరాదని కూడా చెప్పాలి.