స్పోర్ట్స్ కారు టైరు – గుంతల రోడ్డు

సంచికకు వ్యాసం ఇవ్వమంటే మా సీనియర్లు ఎక్కువగా విద్య విలువ, క్రమశిక్షణ వంటివి ఎంచుకుంటారు. నేను టైర్ల గురించి రాస్తున్నాను. కారు లేని మనకు ఈ గొడవెందుకని నవ్వకండి తమ్ముళ్ళూ! మనలో కారున్నవాళ్ళు లేకపోవచ్చు గాని, కారు నడిపే నాన్నలున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మా నాన్న వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక సారు దగ్గర డ్రైవరు.

2018 వానాకాలం. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. సారు స్పోర్ట్స్ కారు కొన్నారు. చూడ్డానికి బాగుంటుందని కంపెనీ ఇచ్చిన 17 అంగుళాల చక్రాలు తీయించి 18 అంగుళాలవి వేయించారు. ఒక రాత్రి నీళ్ళు నిండిన గుంత కనపడక ముందు చక్రం అందులో దిగింది. తెల్లారి చూస్తే టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. చూసుకోకుండా నడిపాడని టైరు ఖరీదు నాన్న జీతంలో నాలుగు నెలలు కోశారు. బస్సు చార్జీ మిగులుతుందని ఆ నాలుగు నెలలూ నేను ఆదివారాలు ఇంటికి పోలేదు. "ఏం జేస్తం బిడ్డా, గుంత నాకు గనవడలే" అన్నాడు నాన్న. ఇందులో నాన్న తప్పెంత, టైరు తప్పెంత అన్న లెక్క ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు వచ్చాక గాని నాకు తేలలేదు.

టైరు మీద 225/40 ఆర్ 18 అని ఉంటుంది. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 40 అంటే ఆ వెడల్పులో నూటికి 40 వంతులు సైడ్‌వాల్ ఎత్తు. ఆర్ అంటే రేడియల్, 18 అంటే రిమ్ము అంగుళాలు. అంటే రోడ్డుకూ రిమ్ముకూ మధ్య ఉన్నది 90 మిల్లీమీటర్లే. కంపెనీ ఇచ్చిన 225/45 ఆర్ 17లో అది 101. అదే 205/55 ఆర్ 16 అయితే దాదాపు 113. మూడింటి మొత్తం ఎత్తు మాత్రం ఇంచుమించు ఒకటే, 632 నుంచి 637 మిల్లీమీటర్ల లోపు. చక్రం పెరిగిన కొద్దీ రబ్బరు తరిగిపోతుందన్నమాట.

గోడ దూకి మోకాళ్ళు వంచకుండా నిలబడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. దెబ్బలోని శక్తి తక్కువ దూరంలో ఆగాలంటే బలం ఎక్కువ పడుతుంది. పొట్టి సైడ్‌వాల్ వంగడానికి చోటు లేక గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలుగుతుంది. లోపలి పాలిస్టర్ దారాలు తెగుతాయి, గాలి అక్కడ రబ్బరును బయటికి తోస్తుంది. అదే ఉబ్బు. దానికి ప్యాచ్ లేదు, మార్చాల్సిందే.

ఇక్కడ దుకాణాల్లో ఒక తికమక ఉంది. "ఎక్కువ కాలం వస్తుంది" అన్న మాటకు రెండు అర్థాలు. టైరు మీద ట్రెడ్‌వేర్ 200, 400 అని ఉండే అంకె అరుగుదలకు సంబంధించింది. ఎక్కువ ఉంటే నిదానంగా అరుగుతుంది. గుంత దెబ్బకు తట్టుకుంటుందా అన్నది అది చెప్పదు. దానికి చూడాల్సినవి సైడ్‌వాల్ ఎత్తు, ఎక్స్‌ఎల్ అనే గుర్తు, లోపలి పొరలు. సైడ్‌వాల్‌లో పాలిస్టర్ పొర ఒకటా రెండా అన్నది చాలా టైర్ల మీదే అచ్చయి ఉంటుంది. లోడ్ ఇండెక్స్ కంపెనీ చెప్పినదానికన్నా తగ్గకూడదు. 91 అంటే టైరుకు 615 కిలోలు, 95 అంటే 690. రన్‌ఫ్లాట్ టైర్లు గాలి పోయినా కొంత దూరం నడుస్తాయి గాని, వాటి పక్కలు గట్టిగా ఉండి దెబ్బను రిమ్ముకే అందిస్తాయి. మన రోడ్లకు నేనైతే వాటిని ఎంచను.

నా మాట మీద నమ్మకం లేకపోతే ర్యాలీ కార్లను చూడండి. ర్యాలీ2 తరగతిలో ఒకే కారుకు తారు రోడ్డు మీద 18 అంగుళాల చక్రాలు, కంకర దారిలో 15 అంగుళాలవి వేస్తారు. మన సదాశివపేటలోనూ ఫ్యాక్టరీ ఉన్న ఎమ్మారెఫ్ కంపెనీ జట్టు తరఫున నడిపిన ఎఫ్రెన్ యరేనా 2022లో యూరోపియన్ ర్యాలీ చాంపియన్ అయ్యాడు. అంత వేగంగా పోయేవాళ్ళే గతుకుల్లో చిన్న చక్రం, ఎత్తు రబ్బరు కోరుకుంటున్నారు!

అయితే అందరూ 16కు దిగలేరు. స్పోర్ట్స్ కారుకు బ్రేకు డిస్కులు పెద్దవి, చిన్న రిమ్ము వాటికి తగలవచ్చు. ముందు బిగించి చూడాలి. ఇంకో మాట. గతుకులు తెలియకుండా ఉండాలని కొందరు గాలి తగ్గిస్తారు. పొట్టి టైరుకు అదే చేటు. డ్రైవరు తలుపు దగ్గర రాసి ఉన్నంత గాలి, బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. బ్రేకు గుంతకు ముందే వేసి, గుంతలో వదిలేయాలి.

2023లో టైర్లు అరిగినప్పుడు నాన్న నా లెక్కల కాగితం జేబులో పెట్టుకుని సారుకు చూపించాడు. సారు కాసేపు చదివి, పాత 17 అంగుళాల చక్రాలు అటక మీంచి దింపించారు. కోసిన జీతం సంగతి ఆయనా ఎత్తలేదు, నాన్నా ఎత్తలేదు.

టైర్ల దుకాణానికి నేనూ వెళ్ళాను. నాన్నకు ఇంగ్లీషు రాదు, అంకెలు వస్తాయి. డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయని, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరమని ముందే చెప్పి ఉంచాను. నాన్న వంగి, కొత్త టైరును చేత్తో తుడిచి, నిదానంగా చదివాడు. 0919. "ఇది నాలుగేండ్ల కిందిది, వేరేది తియ్యి" అన్నాడు. దుకాణం అబ్బాయి నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. లోపలికి పోయి వేరేవి తెచ్చాడు.