పింఛను సొమ్ము – పరదేశ నివాసము

మన తళవాయిపురములోను, రాజపాళయము చుట్టుపట్ల తెలుగువారు వసించు ఇతర గ్రామములలోను, పరదేశమున బిడ్డలున్న ఇండ్లు నానాటికి పెరుగుచున్నవి. కోడలికి పురుడనియో, మనుమని చూడవలెననియో ముసలివారికి టిక్కెట్టు వచ్చును. పెట్టె సర్దుకొనునపుడు ఊరగాయ గుర్తుండును, మందుల పొట్లము గుర్తుండును. నెలనెలా తమ పేర వచ్చు పింఛను మాట మాత్రము ఎవరికిని గుర్తుండదు. ఈ మఱపు వలన కలుగు చిక్కులను గూర్చి తల్లిదండ్రులు కొందఱు మమ్ము అడిగియుండుటచే, మాకు తెలిసినంత మేరకు ఇచ్చట వివరింపబూనితిమి.

మొదట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా యెఱుకలోని అవ్వ యొకతె భర్తను పోగొట్టుకొని, వృద్ధాప్య పింఛనుతో కాలము గడుపుచుండెను. పింఛను మంజూరైననాడు ఆమె కుమారుడు ఇంకను చదువుకొను పిల్లవాడు. తరువాత అతనికి అమెరికాలో ఉద్యోగము దొరకినది. తల్లిని పిలిపించుకొనగా ఆమె ఆఱు నెలలు అచ్చట నుండినది. పోవునపుడు బ్యాంకు కార్డును ప్రక్కయింటివారి చేతి కిచ్చి, "నెలనెలా తీసి దాచియుంచుడమ్మా" అని చెప్పి పోయినది. విచారణకు వచ్చిన ఉద్యోగి అడుగగా, ఇరుగుపొరుగువారు ఆమెకు మేలు చేయుచున్నామనుకొని, "ఇప్పుడే గుడికి పోయినది" అనిరి. అతడు మఱియొకసారి వచ్చెను. అప్పుడును ఆమె గుడిలోనే యున్నదట! మూడవసారి నిజము బయటపడెను. పింఛను నిలిచిపోయెను; ఆఱు నెలల మొత్తము 7,200 రూపాయలు తిరిగి కట్టవలెనని తాకీదు వచ్చెను. ఊరికి పోయియున్నదని మొదటనే చెప్పియుండినచో ఇంత దూరము వచ్చియుండదు.

ఇట్టి చిక్కులు పూర్వము తక్కువ. అందులకు కారణము మన పూర్వుల నీతి యని కొందఱు చెప్పుదురు గాని, అసలు కారణము తపాలా బంట్రోతు. మన విరుదునగరమువాడైన కామరాజ్ ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1962లో, మదరాసు రాష్ట్రమున వృద్ధాప్య పింఛను మొదలైనది. అప్పుడది నెలకు 20 రూపాయలు. 2023 ఆగస్టు నుండి 1,200 రూపాయలైనది. బహుకాలము ఈ సొమ్ము మనియార్డరుగా వచ్చుచుండెను. బంట్రోతు వీధి అరుగుమీద కూర్చుండి, అవ్వను పిలిచి, వ్రేలిముద్ర వేయించుకొని, కండ్లయెదుట నోట్లు లెక్కపెట్టి యిచ్చును. అవ్వ ఊరలేనిచో మనియార్డరు వచ్చినదారినే తిరిగిపోవును. ఎవరును ఎవరికిని తెలుపనక్కఱలేదు. సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుట మొదలైనప్పటినుండి ఆ తనిఖీ పోయినది. మనిషి యున్నను లేకున్నను నెల తిరుగునప్పటికి ఖాతాలో జమ యగుచునే యుండును. వెనుక బంట్రోతు చేసిన పని ఇపుడు పింఛనుదారు నోటిమాటమీద ఆధారపడినది.

ఇక అసలు విషయము. పింఛను అను నొక్క పేరుతోనే మనము రెండు వేర్వేఱు సొమ్ములను పిలుచుచున్నాము. ఒకటి ఆర్జించినది. బడిపంతులుగానో, ప్రభుత్వ గుమాస్తాగానో పనిచేసినవారికి వచ్చునది ఇట్టిది. రాజపాళయము నూలుమిల్లులలో పనిచేసినవారికి 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద వచ్చునదియు నిట్టిదే. రెండవది ఆదరణ లేనివారికి ప్రభుత్వ మిచ్చు ఆసరా. మొదటిది మనిషి వెంట పోవును. అతడు మదురలో నున్నను, మెల్బోర్నులో నున్నను అతనిదే. రెండవది మనిషి స్థితిని పట్టి, నివాసమును పట్టి యుండును. ఇచ్చట నివసించుచు వేఱు దిక్కులేనివారి కొఱకు ఏర్పడిన సొమ్ము అది. కావున మొదటి దానికి ప్రభుత్వ మడుగు ప్రశ్న యొక్కటే: "నీవు బ్రదికియున్నావా?" రెండవ దానికి మూడు: "బ్రదికియున్నావా? ఇచ్చటనే యున్నావా? నీ స్థితి మునుపటివలెనే యున్నదా?" తమ యింటి పింఛను ఈ రెండింటిలో ఏదియో తెలిసికొన్నవారికి సగము చిక్కు తీరినట్లే.

ఈ భేదము మనదేశమున మాత్రమే లేదు. అమెరికాలో బిడ్డలతో స్థిరపడి పౌరసత్వము పొందిన తెలుగు వృద్ధులలో కొందఱికి, ఆదాయమును ఆస్తియు మిక్కిలి తక్కువగా నున్నచో, ఎస్.ఎస్.ఐ. అను సహాయము లభించును. 1974 జనవరి నుండి నడచుచున్న ఈ పథకము క్రింద 2025లో ఒంటరివానికి గరిష్ఠమొత్తము నెలకు 967 డాలర్లు. అది ఆదరణ సొమ్ము. ఆ దేశములో నుండి బ్రదుకుటకు ఇచ్చునది. కావున 30 దినములు వరుసగా దేశము వెలుపల నున్నచో అర్హత పోవును. తిరిగి పోయిన మఱునాడే మొదలు కాదు. మరల 30 దినములు వరుసగా అచ్చట నివసింపవలెను. సంక్రాంతికి ఇచ్చటికి వచ్చి, ఉగాది చూచుకొని పోవుదమనుకొను తాతగారు ఈ లెక్క ముందే వేసికొనవలెను.

ప్రయాణపు సంగతి ఆ కార్యాలయమునకు తెలుపుట పింఛనుదారు విధి. మార్పు జరిగిన నెల ముగిసిన తరువాత పది దినములలోగా తెలుపవలెను. తెలుపనిచో అధికముగా పుచ్చుకొన్న మొత్తమును, సాధారణముగా నెలసరి రాబడిలో పదవవంతు చొప్పున, విఱుచుకొనుచు పోవుదురు. తెలిసి తెలిసి అబద్ధమాడినట్లు తేలినచో మొదటిసారి ఆఱు నెలలు, రెండవసారి పన్నెండు, ఆపైన ఇరువదినాలుగు నెలలు సహాయము నిలిపివేయుదురు. దాచుటకును వీలు లేదు. పాసుపోర్టుమీది ముద్రలు, విమానాశ్రయములోని రాకపోకల లెక్కలు పుక్కిటి మాటలవలె చెఱిగిపోవునవి కావు.

మా అభిప్రాయమున ఈ 30 దినముల గడువు వృద్ధుల విషయమున కఠినమైనదే. తోబుట్టువు పోయినదని వచ్చినవారు కర్మకాండ ముగించి, బంధువులను పలుకరించి బయలుదేరునప్పటికే నెల దాటును. ఈ కష్టమును ఇంగ్లండువారు కొంత గుర్తించిరి. అచ్చటి పెన్షన్ క్రెడిట్ అను సహాయమునకు పరదేశ నివాసపు గడువు 4 వారములు. దగ్గఱి బంధువు మరణించినందున వెంటనే మఱలి రాలేనిచో 8 వారముల వఱకు సడలింతురు. అయితే గడువు కఠినమని దాచిపెట్టువానికి ఆ వాదము విచారణనాడు అక్కఱకు రాదు.

అదే అమెరికాలో పనిచేసి పన్ను కట్టి సంపాదించుకొన్న సోషల్ సెక్యూరిటీ పింఛను ఇట్టిది కాదు. ఆ దేశపౌరుడు రాజపాళయమునకు వచ్చి శాశ్వతముగా నుండినను అది వచ్చుచునే యుండును. పరదేశమున నున్నవారికి అప్పుడప్పుడు ఒక ప్రశ్నాపత్రము పంపుదురు. దానికి బదులు వ్రాయనిచో చెల్లింపు నిలుచును. పౌరులు కానివారికి ఆఱు నెలల నిబంధన యొకటి యున్నది; అందులకు మినహాయింపులును పెక్కు గలవు కావున వారు విచారించుకొని బయలుదేరుట మంచిది.

ఆంధ్రప్రదేశములోని మన బంధువుల సంగతి వేఱు. అచ్చట 2024 జూలైలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలకు పెరిగినది. ఉద్యోగులే ఇంటికి పోయి ఇచ్చు పద్ధతి. ఊరలేక ఒకటి రెండు నెలలు తీసికొననివారికి తరువాతి నెలలో బకాయితో కలిపి యిచ్చుటకును, వరుసగా మూడు నెలలు కనబడనివారిని వలసపోయినవారిగా తలచి నిలుపుటకును 2024 చివర నిర్ణయించిరి. మన పాత తపాలా బంట్రోతు అచ్చట వేఱు రూపమున మరల వచ్చినాడని మాకు తోచును.

ఆర్జించిన పింఛనుగలవారు చేయవలసినది బ్రదికియున్నట్లు ఏటేట నిరూపించుకొనుట. కేంద్రప్రభుత్వ పింఛనుదారులకు నవంబరు మాసము. 80 ఏండ్లు దాటినవారు అక్టోబరు నుండియే ఇయ్యవచ్చును. తమిళనాడు ప్రభుత్వ పింఛనుదారులకు తాము విరమించిన నెల. మిల్లు పింఛనుదారులు ఎప్పుడిచ్చినను ఆనాటినుండి ఒక సంవత్సరము చెల్లును. 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతివలన ఆధారు వ్రేలిముద్రతోను, 2021 నుండి సెల్‌ఫోనులో ముఖము చూపియు ఈ పత్రమును పొందవచ్చును. పరదేశమున నున్నవారు భారత రాయబార కార్యాలయముననో, నోటరీ యొద్దనో సంతకము చేయించి పంపవచ్చును. గడువు తప్పినచో పింఛను ఆగును గాని పోదు. పత్రము చేరిన పిమ్మట బకాయితో వచ్చును. ఈ విషయమున భయపడి మిత్రులచేత దొంగ సంతకము చేయించినవారిని మే మెఱుగుదుము. తమకు న్యాయముగా రావలసిన సొమ్ము కొఱకు నేరము చేయుట కంటె వింత యేమున్నది!

ఆదరణ పింఛనుగలవారు ప్రయాణమునకు ముందు తాలూకా కార్యాలయములోని సామాజిక భద్రతా పథకపు తాసీల్దారుకు ఒక ఉత్తర మియ్యవలెను. పేరు, పింఛను సంఖ్య, ఆధారు సంఖ్య, బయలుదేరు తేదీ, తిరిగి వత్తుననుకొను తేదీ, ఎవరియొద్ద నుండబోవుచున్నారో ఆ వివరము: ఇంతే. నకలుమీద ముద్ర వేయించుకొని భద్రపఱచవలెను. కార్డును, రహస్య సంఖ్యను ఇతరుల కియ్యరాదు. కుమారుడు సంపాదనపరుడై తల్లిని పోషించుచున్నచో ఆ సంగతియు వ్రాయుట ధర్మము. పింఛను పోవచ్చును, కాని తాకీదు రాదు. పింఛనుదారు చనిపోయినచో ఇంటివారు వెంటనే తెలుపవలెను. ఆ తరువాత జమయైన సొమ్ము వారసులది కాదు, ప్రభుత్వమునకు తిరిగి పోవలసినది.

ఉత్తరము తమిళమున వ్రాయుట సులువు. ఇంట తెలుగే మాటలాడు ముసలివారికి తమిళ తాకీదు చదువవలెనన్న కష్టము; అందువలననే పెక్కు కాగితములు దేవుని పటము వెనుకకు చేరుచున్నవి. మన బడిపిల్లలు 2006 నాటి చట్టము ననుసరించి తమిళము నేర్చుచున్నారు కావున, ఇంటికి వచ్చిన ప్రతి కాగితమును వారిచేత చదివించుకొనవచ్చును.

ముందు చెప్పిన అవ్వ ఉత్తరమును ఏడవ తరగతి చదువు ఆమె మనుమరాలే వ్రాసినది. జరిగినదంతయు దాచక వ్రాసి, 7,200 రూపాయలను నెలకు 600 చొప్పున పన్నెండు వాయిదాలలో కట్టుదునని కోరినది. అధికారి సమ్మతించిరి. ఇప్పటికి ఏడు వాయిదాలు తీరినవి. రసీదు లన్నియు ఆ పిల్ల తన పాత లెక్కల పుస్తకములో అంటించి యుంచినది.